ముందు లోపం తేల్చండి, ఆ తర్వాతే పార్టు మార్చండి

కార్ల తయారీ సంస్థల యాజమాన్యాలకు, సర్వీసు సెంటర్ల నిర్వాహకులకు, మెకానిక్ సోదరులకు, పాత కార్ల వ్యాపారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. బండి కింద దూరి, నూనె మరకల మధ్య రోజంతా పనిచేసేవారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. మీలో పనితనం ఉన్నవాళ్లు చాలామంది. ఆ మాట ఇక్కడితో ముగించి అసలు విషయానికి వస్తాను.

పరీక్ష చేయకుండానే నా కారులో పార్టులు మార్చిన సంగతి మొదట సర్వీసు సెంటర్ మేనేజరుకు నోటిమాటగా చెప్పాను. తర్వాత కాగితం మీద రాసిచ్చాను. ఆపైన తయారీ సంస్థ ఫిర్యాదుల విభాగానికి పంపాను. రెండు చోట్ల నుంచీ అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు వచ్చింది: "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." నేను అడిగింది ఒక ప్రశ్న. ఫలానా పార్టు పాడైందని ఏ పరీక్ష చేసి తేల్చారు? దానికి ఈనాటికీ జవాబు లేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

జరిగింది ఇదీ. నాది ఒకరు వాడి అమ్మిన కారు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. ఎక్కడైనా ఆగినప్పుడు ఇంజిన్ వణికేది, వేగం అందుకుంటే సర్దుకునేది. సర్వీసు సెంటర్‌లో కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే స్కానర్ తగిలించారు. పి0171 అనే కోడ్ వచ్చింది. ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ మార్చి, కోడ్ చెరిపి పంపించారు. కొద్ది రోజులకే దీపం మళ్లీ వెలిగింది. ఈసారి లోపలికి పోయే గాలిని కొలిచే సెన్సర్ మార్చారు. మళ్లీ అదే కథ. మూడోసారి ఫ్యూయల్ పంపు మార్చాలన్నారు. అక్కడితో ఆపి, కారును వేరే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ఒక్క నట్టు కూడా విప్పకుండా ముందు స్కానర్ తెర మీద ఒక అంకె చూశారు. ఇంజిన్ కంప్యూటర్ తన లెక్క కన్నా ఎంత ఎక్కువ ఇంధనం పోయాల్సి వస్తోందో చెప్పే అంకె అది. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు 20 శాతం దాటి ఉంది. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర నిలిపితే 4 శాతానికి దిగింది. "సెన్సర్ లెక్కకు అందని గాలి ఎక్కడినుంచో దూరుతోంది" అన్నారు. గాలి లోపలికి పోయే దారిలోకి పొగ పంపించారు. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక, చెయ్యి అతి కష్టం మీద దూరే చోట, చిటికెన వేలంత లావున్న రబ్బరు గొట్టం ఒకటి ఉంది. పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది. వంపు తిరిగిన చోట వేలితో నొక్కగానే అడుగున పగులు నోరు తెరిచింది, దానిలోంచి సన్నగా పొగ లేచింది. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చవకైన వస్తువు ఆ గొట్టమే.

ఇది నా ఒక్కడి గోడు అయితే ఈ లేఖ అవసరం లేదు. పాత కారు నడిపే ఎవరిని కదిపినా ఇలాంటిదే ఒకటి చెబుతారు. అందుకే వరసగా రాస్తున్నాను.

1. కోడ్ అనేది పాడైన పార్టు పేరు కాదు. పి0171 చెప్పేది ఒక్కటే: మండే మిశ్రమంలో గాలి పాలు ఎక్కువైంది, ఇంధనం పాలు తగ్గింది. ఆ సమాచారం ఇచ్చింది ఆక్సిజన్ సెన్సరే, అంటే అది తన పని సక్రమంగానే చేస్తోంది. దాన్నే తీసి పక్కన పడేశారు. పగిలిన గొట్టమో, గ్యాస్కెట్ లీకో అయితే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సవరణ శాతం, అంటే ఆ మెకానిక్ చూసిన అంకె, ఎక్కువగా ఉండి, వేగం పెంచితే తగ్గుతుంది. ఫ్యూయల్ పంపు నీరసించినా, ఫ్యూయల్ ఫిల్టర్ పూడుకుపోయినా దీనికి తిరగబడి ఉంటుంది. ఇంజిన్ మీద బరువు పడేకొద్దీ శాతం పెరుగుతుంది. గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో ఈ తేడా పట్టుకోవడానికి స్కానర్ ముందు నిలబడి కాసేపు చూస్తే చాలు.

పి0420 సంగతి మరీ ఘోరం. ఉత్ప్రేరకం సరిగా పనిచేయడం లేదనే ఈ కోడ్ కనిపించగానే పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటారు. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం వంటి లోహాలుంటాయి కాబట్టి పాత కారు యజమానికి అది మోయలేని బరువు. సైలెన్సర్ గొట్టంలో సెన్సర్‌కు దగ్గరగా చిన్న లీకున్నా ఇదే కోడ్ రావచ్చు. ఒకవేళ కన్వర్టర్ నిజంగానే పోయినా, అది ఎందుకు పోయిందన్నది అసలు ప్రశ్న. స్పార్క్ ప్లగ్ గానీ ఇగ్నిషన్ కాయిల్ గానీ సరిగా మండించక ఇంజిన్ మిస్సవుతుంటే, మండని ఇంధనం కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కాల్చేస్తుంది. ఆ మిస్సింగ్ సంగతి చూడకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

ఇంకొక అలవాటు. కారు రాగానే కోడ్ చెరిపేసి "మళ్లీ వస్తే చూద్దాం" అని పంపడం. లోపం నమోదైన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఎంత బరువు మీద నడుస్తోంది అన్న వివరాలు కంప్యూటర్ దాచి ఉంచుతుంది. కోడ్ చెరిపితే అవీ పోతాయి. దొరికిన సాక్ష్యాన్ని చేతులారా తుడిచేసి, దర్యాప్తు తర్వాత చేస్తామన్నట్టు ఉంటుంది ఈ పద్ధతి.

2. కారు స్టార్ట్ కాలేదనగానే బ్యాటరీ మార్చేస్తున్నారు. కొన్నిసార్లు తప్పు బ్యాటరీదే. కానీ వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకోకుండా ఆ మాట ఎలా అంటారు? రాత్రంతా కదలకుండా ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే అది నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం ఖాళీ. చార్జి నిండుగా ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి జారితే అప్పుడు దాన్ని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపిస్తుంది. ఎంతసేపు నడిపినా 12 దగ్గరే ఉండిపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మీటరు పెడితే అర వోల్టు దాటిందనుకోండి, తప్పు ఎర్త్ కేబుల్‌ది. చాలాసార్లు తుప్పు గీకి గట్టిగా బిగిస్తే పని అయిపోతుంది.

ఆపి ఉంచిన కారులో కరెంటు కారిపోవడం మరో సంగతి. తాళం వేశాక కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకున్న తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు వాడకం మామూలే. డిక్కీ దీపమో, ఆరని రిలేనో అర ఆంపియర్ లాగుతూ ఉంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు తిరగకుండానే చతికిలబడుతుంది. కొత్తది వేసినా దాని ఆయుష్షు అంతే. అప్పుడు "బ్యాటరీ కంపెనీ మంచిది కాదు" అంటారు.

3. ఇంజిన్ వేడెక్కుతోందంటే కూలెంట్ నింపి పంపేస్తున్నారు. ఈ వ్యవస్థ మూసి ఉంటుంది, కూలెంట్ ఊరికే తగ్గదు. తగ్గిందంటే ఎక్కడికో పోతోంది. యజమానిని రెండు ప్రశ్నలు అడిగితే సగం దారి దొరుకుతుంది. రద్దీలో నిలిచినప్పుడు వేడెక్కి, వేగంగా పోతుంటే చల్లబడుతోందా? అయితే ముందు ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు చూడండి. వేగంగా పోతున్నప్పుడే వేడి చూపే ముల్లు పైకి లేస్తోందా? అయితే రేడియేటర్ లోపల పూడిందా, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా, వాటర్ పంపు తోస్తోందా అని చూడాలి. చల్లారిన ఇంజిన్‌కు ప్రెషర్ పెట్టి చూస్తే బయటి లీకు దొరుకుతుంది. ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానముంటే, పొగ వాయువు తగలగానే నీలం నుంచి పసుపుకు మారే ద్రవంతో పరీక్ష ఉంది. ఇంజిన్ విప్పాల్సిన పని లేదు. ఈ పరీక్షలు చేయకుండా పంపిన కారు దారి మధ్యలో ఆవిరి కక్కుతుంది, ఇంజిన్ హెడ్ వంగిపోతుంది. ఏం చేయాలో తెలియని మనిషి వేడి మీద రేడియేటర్ మూత తిప్పి ముఖం కాల్చుకుంటాడు. గ్యారేజీలో ఆదా అయిన కాస్త సమయానికి ఆ మనిషి చెల్లించే మూల్యం అది.

4. బ్రేకుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో వాదనకు చోటు లేదు. ప్యాడ్లు మార్చినా కారు ఒక పక్కకు లాగుతుంటే, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పట్టేసిందేమో చూడాలి. ఒకే చక్రంలో ఒక ప్యాడ్ పూర్తిగా అరిగి రెండోది మందంగా ఉంటే కాలిపర్ పిన్నులు తుప్పుతో బిగుసుకున్నాయేమో చూడాలి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టిన ద్రవానికి ఆ హద్దు 155 డిగ్రీలే. పొడవైన ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచినప్పుడు ఆ ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ నేలను తాకుతుంది. ప్యాడ్లు కొత్తవే అయినా లాభం లేదు. బిల్లులో ప్యాడ్లు ఉంటున్నాయి, ద్రవం వయసు మాత్రం ఎవరూ రాయడం లేదు.

5. పాత కార్ల వ్యాపారులకు. అమ్మే ముందు హెచ్చరిక దీపం ఆర్పడానికి కోడ్ చెరుపుతున్నారు. కోడ్‌తో పాటు కారు తనంతట తాను చేసుకునే పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. అవి మళ్లీ పూర్తికావాలంటే చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, రకరకాల వేగాల్లో కొన్నాళ్లు నడపాలి. కాబట్టి కొనేవారు స్కానర్ పెట్టించి చూస్తే "కోడ్లు లేవు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. "స్వీయ పరీక్షలు పూర్తికాలేదు" అని ఉందంటే ఈమధ్యే ఎవరో కోడ్ చెరిపి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. ఏదైనా సరే, కారణం అడగండి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి; 2319 అంటే 2019లో 23వ వారం. ఓడోమీటర్ కొద్ది దూరమే తిరిగిందని చూపుతూ టైర్లు ఇప్పటికే రెండోసారి మార్చినట్టు కనిపిస్తే నిలదీయండి. టైమింగ్ బెల్టు మార్చిన రికార్డు లేకపోతే మార్చలేదనే లెక్క. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం పోతుంది. అది తెలిసి కూడా నోరు మెదపకుండా తాళాలు చేతిలో పెట్టడాన్ని వ్యాపార చాతుర్యం అనడం నాకు సాధ్యం కాదు.

6. తయారీ సంస్థలకు. మెకానిక్‌ను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ స్కానర్ తగిలించే 16 పిన్నుల ఒకే రకం సాకెట్, ఉమ్మడి కోడ్లు తప్పనిసరయ్యాయి. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో, డీజిల్ కార్లకు 2004లో అదే వచ్చింది. ఇదంతా పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి ప్రభుత్వాలు పట్టుబట్టి తెచ్చింది, మీరు ప్రేమతో ఇచ్చింది కాదు. అందుకే ఇంజిన్ పొగకు సంబంధించినంత వరకే అందరికీ అర్థమయ్యే కోడ్లు ఉన్నాయి. ఏబీఎస్, ఎయిర్ బ్యాగ్, స్టీరింగ్, తాళాల వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి మీ సొంత కోడ్లు, మీ సొంత పరికరాలు. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చినా కంప్యూటర్‌కు చెప్పాలి. కొన్ని పార్టులు కోడింగ్ చేస్తే, అంటే కారు కంప్యూటర్‌లో నమోదు చేస్తే తప్ప పనిచేయవు. కొన్ని కొత్త కార్లలో సాకెట్‌కే సాఫ్ట్‌వేర్ తాళం వేశారు. వైరింగ్ చిత్రం చేతిలో లేని మెకానిక్ పార్టు మార్చి చూడక ఏం చేస్తాడు? ఊహించి పనిచేసే దుస్థితిలోకి అతణ్ణి నెట్టింది మీరే.

భద్రత కోసం దాచామంటారు. దొంగతాళాల విషయంలో ఆ మాటకు బలముంది, ఒప్పుకుంటాను. చక్రం వేగం కొలిచే సెన్సర్ వైరు ఏ రంగులో ఉంటుందో చెప్పడానికి మాత్రం ఏ భద్రతా అడ్డురాదు. మరమ్మతు సమాచారం బయటివారికీ ఇవ్వాలని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో చట్టం చేసి, 2020లో ప్రజల ఓటుతో దాన్ని విస్తరించింది. ఆస్ట్రేలియాలో 2022 జూలై 1 నుంచి మరమ్మతు సమాచారం బయటి గ్యారేజీలకూ న్యాయమైన ధరకు ఇవ్వాల్సిందే. అక్కడ ఇవ్వగలిగినది మిగతా చోట్ల ఎందుకు ఇవ్వలేరు?

వీటన్నిటి భారం ఎవరి మీద పడుతోందో చూడండి. పాత కారు కొనేది కొత్తది కొనలేనివారు. పిల్లలను బడికి, పెద్దవారిని ఆసుపత్రికి తీసుకెళ్లేందుకో, సరుకు మోసుకుని బతికేందుకో అప్పు చేసి కొంటారు. కారు గ్యారేజీలో ఉన్న ప్రతిరోజూ వారికి పని పోయిన రోజే. అనవసరమైన పార్టుకు పెట్టిన డబ్బు తర్వాత అవసరమైన పార్టుకు లేకుండా పోతుంది. టైర్లు అరిగిపోయినా అలాగే నడుపుతారు. అన్నిటికన్నా భయపెట్టేది మరొకటి ఉంది. రెండు మూడుసార్లు డబ్బు పోసినా దీపం ఆరకపోతే మనిషి ఆ దీపాన్ని చూడటమే మానేస్తాడు. దాని మీద టేపు అతికించినవాళ్లను చూశాను. ఆ దీపం నిలకడగా వెలగడం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తోందంటే ఇంజిన్ అప్పటికప్పుడు గట్టిగా మిస్సవుతోందని, వేగం తగ్గించి వెంటనే ఆపమని అర్థం. టేపు కింద ఆ తేడా కనిపించదు.

మాకు కావలసినవి ఇవి.

1. లోపం తేల్చే పనికి విడిగా డబ్బు తీసుకోండి. వినడానికి వింతగా ఉన్నా ఇదే నా మొదటి కోరిక. "పరీక్ష ఉచితం" అన్నచోట ఆ ఖర్చు పార్టుల్లోంచి రాబట్టక తప్పదు. గంటసేపు మీటరు పట్టుకుని ఆలోచించి, చివరికి ఒక వైరు అతికించిన మెకానిక్‌కు ఏమీ మిగలడం లేదు. ఆలోచించకుండా మూడు పార్టులు మార్చినవాడికి మిగులుతోంది. తోటి యజమానులకూ ఈ మాట వర్తిస్తుంది. "చూసినందుకే డబ్బా?" అని బేరమాడి, పార్టు బిల్లు మాత్రం నోరెత్తకుండా కట్టే మన అలవాటు మారాలి.

2. జాబ్ కార్డు మీద నాలుగు వివరాలు ఉండాలి: యజమాని చెప్పిన లక్షణం, చేసిన పరీక్ష, వచ్చిన కొలత, దాన్నిబట్టి తేల్చిన కారణం. మూడో గడి ఖాళీగా ఉంటే పార్టు మార్చకూడదు.

3. కోడ్ చెరిపే ముందు, ఆ క్షణపు వివరాలతో సహా దాని ప్రతి యజమానికి ఇవ్వాలి.

4. తీసేసిన పార్టు యజమానికి చూపించాలి. కంపెనీకి తిరిగి పంపాల్సినదైతే ఫోటో ఇవ్వాలి.

5. పరీక్ష లేకుండా మార్చిన పార్టు వల్ల అదే లోపం పోకపోతే, దాని ధర వాపసు ఇవ్వాలి. తర్వాత దొరికే అసలు లోపానికి డబ్బు మేమే కడతాం, అందులో పేచీ లేదు.

6. వైరింగ్ చిత్రాలు, కోడ్ల అర్థాలు, పరీక్షా క్రమం, పార్టు కోడింగ్ సదుపాయం తయారీ సంస్థలు బయటి గ్యారేజీలకు అందుబాటు ధరకు ఇవ్వాలి. కారు తయారీ ఆపేసిన తర్వాత కూడా.

7. పాత కారు అమ్మేటప్పుడు స్వీయ పరీక్షల స్థితి, ఉన్న కోడ్లు, టైమింగ్ బెల్టు, బ్రేక్ ద్రవం మార్చిన తేదీలు రాసి సంతకం చేసి ఇవ్వాలి. తెలియకపోతే "తెలియదు" అనే రాయండి.

ఈ లేఖ ప్రతిని ఇంతకుముందు నాకు జవాబిచ్చిన రెండు చోట్లకూ పంపుతున్నాను. ఇకపై కారును ఎక్కడ వదిలినా జాబ్ కార్డు మీద నా చేత్తో ఒక వాక్యం రాసి సంతకం పెడతాను: "పరీక్ష ఫలితం చూపించి, నా అనుమతి తీసుకున్న తర్వాతే పార్టు మార్చాలి." మిగతా యజమానులు కూడా అదే రాయాలని కోరుతున్నాను. ఆ వాక్యం ఉన్న కారును తీసుకోలేమనే సర్వీసు సెంటర్ ఏదైనా ఉంటే, ఎందుకు తీసుకోలేరో అదే కార్డు మీద రాసివ్వండి.

ఇట్లు,
ఒక పాత కారు యజమాని